ఆవు వంతు ఎలుక

జోయెల్ కండక్టరుగా తిరిగే పల్లెవెలుగు బస్సులో కోళ్ళు ఎక్కాయి, మేకపిల్లలు ఎక్కాయి. ఒకసారి సంతకు పోయే పందిపిల్ల ఒకటి గోనెసంచిలోంచి మూతి బయటపెట్టి, కిటికీ పక్కన దర్జాగా ప్రయాణం చేసింది. దేనికీ ఆయన జంకలేదు. లగేజీ టికెట్ కొట్టి చేతిలో పెట్టాడు, అంతే. ఒక్క తెల్లెలుకలకు మాత్రం టికెట్ లేదు. అవి హైదరాబాదు నుంచి పార్శిల్లో సత్తుపల్లి దాకా వచ్చి, అక్కణ్నుంచి చిల్లులు పొడిచిన అట్టపెట్టెలో ఆయన సీటు కింద దమ్మపేట చేరేవి. "ఏంది సారూ అండ్ల?" అని ఎవరైనా వంగి చూస్తే, "మా ఇంటామె ఆఫీసు సామాను" అనేవాడు.

అందులో అబద్ధం లేదు. ఆయన భార్య ఏంజెల్ పశువుల జబ్బుల మీద జరిగే ఒక పరిశోధనలో అసిస్టెంటు. అడవి అంచు ఊళ్ళలో వానలు పడగానే పశువులకు సర్రా అనే జబ్బు వస్తుంది. నెత్తురులో చేరి ఈదే కంటికి కనపడని జీవి ఒకటి దానికి మూలం. దాన్ని ఒక పశువు నుంచి మరో పశువుకు మోసుకుపోయేది జోరీగ. ఏ ఊళ్ళో ఆ ఈగ ఉంది, ఏ పశువు నెత్తురులో ఆ జీవి ఉంది అన్నది తేల్చడం ఏంజెల్ పని. దమ్మపేట పశువుల దవాఖానా వెనక ఒక గది ఇచ్చారు. ఒక మైక్రోస్కోపు, ఒక ఐసుపెట్టె, నాలుగు ఎలుకల బోన్లు, అదే ల్యాబు. పై అధికారి డాక్టర్ జయరాజ్ ఖమ్మంలో ఉంటాడు. ఆయన ఫోన్లో ఎక్కువ, ఎదురుగా తక్కువ.

"గిరాకీ లేక ఈగలు తోలుకునేటోళ్ళను చూసిన గాని, జీతం తీసుకొని ఈగలు పట్టేదాన్ని నిన్నే చూసిన్నే పిల్లా" అనేది జోయెల్ తల్లి అంతోనమ్మ. ఏంజెల్ ఆమెకు సొంత తమ్ముడి కూతురు, కాబట్టి ఆ మాత్రం అనే హక్కు ఉంది. ఏంజెల్ నవ్వేది. నవ్వడానికి ఆ ఏడాది ఇంకో కారణం కూడా ఉంది. ఆమె కడుపుతో ఉంది. అంతకుముందు ఒకసారి నిలిచి, నిలిచినట్టే పోయింది. ఈసారి నాలుగో నెల దాటింది. అంతోనమ్మ రోజూ మరియమాత ముందు కొవ్వొత్తి వెలిగిస్తోంది. జోయెల్ బండి వెనక భార్యను ఎక్కించుకుంటే గతుకు గతుకునూ బతిమాలుకుంటూ నడుపుతున్నాడు. 2005 వానకాలం అది.

జూలైలో ఇప్పలగుంపు నుంచి కబురొచ్చింది. దమ్మపేట దాటి అడవిలోకి పోయే దారిలో ఉన్న కోయగూడెం అది. అక్కడ సీతయ్య అనే రైతు ఎద్దు ఒకటి మేత మానేసి, కట్టిన గుంజ చుట్టూ గానుగెద్దులా తిరుగుతోందట. ఆ రోజు జోయెల్‌కు డ్యూటీ లేదు. భార్యను తీసుకుపోయాడు.

ఎద్దును చూడగానే జోయెల్ బండి దగ్గరే ఆగిపోయాడు. దాని కళ్ళు తెరిచే ఉన్నాయి గాని ఎవర్నీ చూడటం లేదు. తిరిగి తిరిగి ఆగి, నుదురు తీసుకుపోయి గుంజకు ఆనించి తోస్తోంది. మెడ మీదా పొట్ట కిందా జోరీగలు. ఏంజెల్ దాని చెవి కొసన నెత్తురు చుక్క తీసి, వెంట తెచ్చిన చిన్న మైక్రోస్కోపులో చూసి, "సర్రానే" అంది. అక్కడికక్కడే ఎద్దుకు సూది వేసింది. ఆ తర్వాత జోరీగలు పట్టడానికి దిగింది.

అదొక విద్య. ఈగ వాలి నెత్తురు తాగడంలో మునిగి ఉండగా గాజు గొట్టం దాని మీద మెల్లగా బోర్లించి, సందు చూసి దూది కుక్కాలి.

"కడుపునిండ తాగిన జోరీగతోని భయం లేదు బావా" అని చెప్పింది ఏంజెల్, చెయ్యి ఆపకుండానే. "అది పోయి ఏ ఆకు కిందనో పంటది. సగంల లేపినమనుకో, మూతి తడి ఆరకముందే ఇంకోదాని మీద వాల్తది. జబ్బు గట్లనే అంటుకుంటది."

"మరి నువ్వు చేస్తున్నదేంది? సగంల లేపుడే గదా?"

"లేపుతలేను. పడుతున్న."

ఆ మాట నోట్లో ఉండగానే ఎద్దు తోక విసిరింది. గొట్టం పక్కకు జారింది. చిక్కాల్సిన జోరీగ లేచి ఒక చుట్టు చుట్టి, వచ్చి ఏంజెల్ మెడ మీద వాలింది. "అబ్బా!" అని ఆమె చెయ్యి విసిరేసరికి మళ్ళీ లేచింది. మెడ మీద నెత్తురు బొట్టు నిలిచింది. ఆ ఈగ అక్కణ్నుంచి ఎటు పోయిందో ఎవరూ చూడలేదు. పక్కనే సీతయ్య చూడి ఆవు కట్టేసి ఉంది.

"ఏమన్న అయితదా?" అన్నాడు జోయెల్.

"మనుషులకు రాదు. మన నెత్తురుల అది బతకదు." ఏంజెల్ మెడ తుడుచుకుని నవ్వింది. "జోరీగలల్ల కుట్టేది ఆడదే, తెలుసా? మగది పూలల్ల తేనె తాగుకుంట తిరుగుతది."

"ఇంట్ల కూడ గంతే గదా" అన్నాడు జోయెల్. సీతయ్య కూడా నవ్వాడు. ఆ నవ్వు వాళ్ళకు చాలా రోజులు గుర్తుంది, ఎందుకంటే దాని తర్వాత ఆ రెండిళ్ళలో ఎవరూ సరిగ్గా నవ్వలేదు.

ఆవు నెత్తురు కూడా చూసింది ఏంజెల్. ఏమీ కనపడలేదు. కానీ ఆమెకు తృప్తి కలగలేదు. చూడి ఆవులో ఆ జీవి ఒక్కోసారి నక్కి ఉంటుందట, గాజు పలక మీద దొరకదట. అలాంటప్పుడు ఆ నెత్తురు తెల్లెలుకకు ఎక్కిస్తారు. జబ్బు ఉంటే ఎలుకలో ఉప్పెనలా పెరిగి వారంలోపే ఎలుక చస్తుంది. రుజువు లేకుండా చూడి ఆవుకు మందు పొడవకూడదు, మందు కూడా గట్టిదే.

"ఎలుకకూ మా ఆవుకూ ఏం సుట్టరికం బిడ్డా?" అంది సీతయ్య భార్య జంపక్క.

"ఎలుక బతికితే మీ ఆవుకు ఏం లేనట్టే అక్కా. ఎలుక చచ్చిపోతే మందు పట్టుకొని నేనే ఉరికొస్త. కొత్త ఎలుకలు రానియ్యి, వచ్చి నెత్తురు తీసుకపోత. అందాక ఎద్దు దగ్గర కట్టకు, మేపుకు ఇడవకు. కొట్టంల పొగ పెట్టు."

సీతయ్య తలూపాడు. మొగుడూ పెళ్ళాం కోయలో ఏదో మాట్లాడుకున్నారు. కడుపులో ఉన్నది కోడెదూడ అయితే రేపు అదే అరకకు వస్తుందని, అందుకే ఆ ఆవును కన్నపిల్లలా చూసుకుంటున్నామని జంపక్క తెలుగులో చెప్పింది.

ల్యాబులో అప్పటికి ఒకే ఒక ఎలుక ఉంది. పరిశోధన కోసం ఎద్దు జబ్బును బతికించి ఉంచాలి గనుక దాని నెత్తురు ఆ ఎలుకకు ఎక్కించారు. జోయెల్ డ్యూటీ దిగి భార్య కోసం ల్యాబుకు పోయినప్పుడల్లా దాన్ని చూసేవాడు. మొదట బాగానే ఉంది. తర్వాత బోనులో ఒక మూలకు చేరింది. వెన్ను వంచి, బొచ్చు నిక్కబొడుచుకుని, కళ్ళు సగం మూసుకుని కూర్చుంది. మర్నాడు అదే మూలలో అలాగే కూర్చుని చచ్చిపోయింది. ఒళ్ళు చల్లబడకముందే దాని తోక నుంచి ఒక చుక్క తీసి ఏంజెల్ ఆయనకు మైక్రోస్కోపులో చూపించింది. గుండ్రటి ఎర్ర కణాల మధ్య సన్నటి తోకలతో బిలబిలమంటూ ఈదుతున్నాయి, ఒకటీ రెండూ కాదు, పుట్ట పగిలినట్టు. జోయెల్ కళ్ళు తిప్పేసుకున్నాడు.

ఆ మర్నాడే ఏంజెల్‌కు జ్వరం వచ్చింది.

మన్యంలో జ్వరం వింత కాదు. అంతోనమ్మ మిరియాల కషాయం కాచింది. ఇస్తే తగ్గింది, మళ్ళీ వచ్చింది. సర్కారు దవాఖానా ల్యాబులో రామ్‌చందర్ వేలు పొడిచి నెత్తురు తీసి చూశాడు. "మలేరియా లేదమ్మా, మంచి కబురే" అన్నాడు. "అయినా చలి వణికిచ్చే టైముల ఒకసారి మళ్ళ రా. అప్పుడైతే పక్కా తెలుస్తది." జోయెల్ ఊపిరి పీల్చుకున్నాడు. పక్కకు చూస్తే ఏంజెల్ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మలేరియా అయితే మంచిగుండు బావా" అంది దవాఖానా మెట్ల మీద.

ఏ పిచ్చి మాటలని కసురుకోబోయాడు జోయెల్. కోపం ఆయనకు ముక్కు మీదే ఉంటుంది. కానీ ఆమె గొంతు విని ఆగిపోయాడు. అప్పుడు చెప్పింది. పోయిన వారం జయరాజ్ సార్ ఫోన్లో మాటల మధ్య అన్నాడట, పక్క రాష్ట్రంలో ఎవరో పశువుల మనిషికి సర్రా వచ్చిందట, నెత్తురులో పురుగు కనపడిందట, జ్వరం వచ్చి పోయి వచ్చి పోయిందట, జాగ్రత్తగా ఉండు అని.

"మనుషులకు రాదంటివి గదా?"

"రాదనే అందరు అనుకున్నరు."

"వస్తే మందు?"

"ఆ మనిషికి బయటి దేశం నుంచి తెప్పిచ్చిన్రట."

జోయెల్‌కు అడగాలని ఉన్నది అది కాదు. "కడుపుల బిడ్డకు?"

ఏంజెల్ మెడ మీద జోరీగ కుట్టిన చోట వేలు పెట్టుకుంది. అక్కడ ఇంకా చిన్న బొడిపె ఉంది. "చూడి ఆవులు ఈసుకపోతయి బావా" అంది. ఎన్ని ఆవులకు నెలలు నిండకుండా దూడలు పడిపోవడం తను ఈ రెండేళ్ళలో చూసిందో ఆమె చెప్పలేదు, ఆయన అడగలేదు. దవాఖానా ముందు రోడ్డు మీద బండ్లు పోతున్నాయి. జోయెల్‌కు బండి స్టార్టు చెయ్యడం కూడా చేతకాలేదు.

ఎలుకల పార్శిల్ ఫలానా రోజు వస్తుందని కబురు రాగానే, ఆ పొద్దున ఏంజెల్ జ్వరంతోనే ఆటోలో ఇప్పలగుంపు పోయి ఆవు నెత్తురు తీసుకొచ్చి ఐసుపెట్టెలో పెట్టింది. మాట ఇచ్చింది కదా. ఆ నెత్తురులో జీవి ఉంటే అది ఒక పూట కంటే ఎక్కువ బతకదు, అదే రోజు ఎలుకకు ఎక్కించాలి. మధ్యాహ్నం ట్రిప్పులో జోయెల్ సీటు కింద అట్టపెట్టె వచ్చింది. డ్యూటీ దిగి, ల్యాబులో భార్య ముందు పెట్టి మూత తీశాడు. ఐదు ఎలుకల్లో నాలుగు దారిలో ఉక్కకు చచ్చి ఉన్నాయి. ఒకటి మాత్రం వాటి మీదెక్కి కూర్చుని మీసాలు ఆడిస్తోంది.

ఏంజెల్ ఆ ఒక్కదాన్ని బోనులో వేసింది. తన వేలు పొడుచుకుని గాజు పలక మీద చుక్క పెట్టింది. పలకను మైక్రోస్కోపు కింద పెట్టి, అద్దాన్ని కిటికీ వెలుతురుకు తిప్పి, వెనక్కి జరిగింది.

"నువ్వు చూడు బావా. నాతోని కాదు."

"నాకేం తెలుసే?"

"మొన్న చూసినవ్ గదా. గట్ల ఏమన్న ఈదుతున్నదా చూడు. ఉంటే ఉన్నదని చెప్పు. నా కోసమని దాయకు."

రోజుకు వెయ్యిమంది ముఖాలు చూసి ఎవడు టికెట్ తీయలేదో కనిపెట్టే కళ్ళు అవి. ఆ పూట వాటికి మసక కమ్మింది. తుడుచుకుని మళ్ళీ పెట్టాడు. ఎర్ర కణాలు, ఎర్ర కణాలు. ఒక చోట ఏదో కదిలింది. ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి. ఊపిరి బిగబట్టి చూశాడు. కణాలే, గాజు కింద మెల్లగా జారుతున్నాయి. పలక అటూ ఇటూ జరిపి మెడ పట్టేసేదాకా చూశాడు.

"ఏం లేదు. ఒట్టు. ఏం లేదే."

ఏంజెల్ ముఖం వెలగలేదు. "కనపడకపోతే లేదని కాదు. ఆవుది కూడ కనపడలే గదా."

ఇద్దరూ బోను వైపు చూశారు. ఎలుక గింజలు కొరుకుతోంది. జోయెల్ దాని వైపు వేలు చూపించాడు.

"దీనికి నీది ఎక్కించు."

"ఇది ఆవు వంతు."

"ఆవుకు ఇంకో ఎలుక తెప్పిస్తం."

"సార్‌ను అడిగిన. వచ్చే నెల దాక లేవన్నడు. జంపక్కకు మాటిచ్చిన బావా."

"మాటా?" జోయెల్ గొంతు లేచింది. "నీ కడుపుల ఉన్నది నా బిడ్డ. అవతల ఉన్నది దూడ. నేను దేవుని ముంగట అయినా గిదే చెప్త. ముందు నా ఇల్లు. మంచోడినని పేరొస్తదా రాదా నాకు అక్కర్లే. నాకు భయమైతున్నదే ఏంజెల్. భయమైతున్నది."

ఏంజెల్ ఆయన్ను చూసింది. తర్వాత ఎడమ చెయ్యి చాపి, జాకెట్టు చెయ్యి పైకి మడిచింది. జోయెల్ తన జేబురుమాలు ఆమె దండచేతికి బిగించి కట్టాడు. ఆమె తన నెత్తురు తనే తీసుకుని, ఎలుకను బొటనవేలితో ఒడిసి పట్టి, పొట్టలో ఎక్కించింది. ఎలుక ఒకసారి కీచుమంది. ఆవు నెత్తురు ఉన్న గొట్టం ఐసుపెట్టెలో అలాగే ఉండిపోయింది.

ఆ రోజు నుంచి ఆ ఇంటి ప్రాణం దమ్మపేట ల్యాబులో బోనులో ఉంది. ఏంజెల్‌కు రోజు విడిచి రోజు జ్వరం వస్తోంది. జోయెల్ డ్యూటీకి పోయే ముందు ల్యాబు తాళం తీసి చూసేవాడు. తాళం తీయడానికి ముందు తలుపుకు చెవి ఆనించేవాడు. లోపల గరగరమని చప్పుడైతే గుండె కుదుటపడేది. ఎలుకకు వేయించిన శనగలు తెచ్చేవాడు, "తినవే తల్లీ, తినవే" అని బతిమాలేవాడు. బస్సులో పెనుబల్లి అడిగిన ముసలామెకు సత్తుపల్లి టికెట్ కొట్టాడు. కిటికీలోంచి ఒక జోరీగ లోపలికి వస్తే టికెట్ల పెట్టె తీసుకుని దాని వెంటబడి, బస్సంతా తనవైపు చూస్తుంటే చెమటలు తుడుచుకున్నాడు. డ్రైవర్ పగిడయ్య "ఏందన్నా, చెవిల జోరీగ దూరిందా?" అన్నాడు. జోయెల్ నవ్వలేకపోయాడు.

అంతోనమ్మకు సంగతి చెప్పక తప్పలేదు. ఆమె ఏడవలేదు. ఇంకో కొవ్వొత్తి వెలిగించి, "అమ్మా మరియతల్లీ, ఆ ఎలుకను సల్లగ సూడు" అని మోకరిల్లింది. ఎలుక కోసం జపమాల తిప్పిన ఇల్లు ఆ చర్చి విచారణ కిందికొచ్చే ఊళ్ళలో అదొక్కటే అయి ఉంటుంది.

ఒక ముసురు పొద్దున తాళం తీస్తే చప్పుడు లేదు. ఎలుక మూలకు చేరి ఉంది. వెన్ను వంగి ఉంది, బొచ్చు లేచి ఉంది. చచ్చిన ఎలుక కూర్చున్నట్టే కూర్చుని ఉంది. జోయెల్ బోను ముందు కూలబడ్డాడు. ఇంటికి పోయి ఏంజెల్ ముఖం చూసి ఏమని చెప్పాలి? "నా వల్ల కాదు ప్రభువా" అని పైకే అన్నాడు. బోను తలుపు తీసి వేలితో ముట్టాడు. ఎలుక కళ్ళు తెరిచి వేలు కొరికింది. కిటికీలోంచి పడ్డ జల్లుకు బోనులో పరిచిన పొట్టు అంతా తడిసి ఉంది. చలికి ముడుచుకుందంతే. జోయెల్ చొక్కా విప్పి దాన్ని తుడిచి, పొడి పొట్టు వేసి, కొరికిన వేలు నోట్లో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఎలుక చావలేదు. ఏంజెల్ వచ్చి దాని తోక కొస నుంచి మళ్ళీ మళ్ళీ చుక్కలు తీసి చూసింది. ఈసారి తనే చూసింది. శుభ్రంగా ఉంది. వారం గడువు దాటిన రోజు, ఎలుక ధ్యాసలో అన్నాళ్ళూ మరిచిన మాట గుర్తొచ్చి, వణుకు మొదలైన గంటలోనే జోయెల్ ఆమెను రామ్‌చందర్ దగ్గరకు తీసుకుపోయాడు. "దొరికింది, మలేరియానే" అన్నాడు రామ్‌చందర్. జోయెల్ ఆయన్ను కావలించుకున్నాడు. కడుపుతో ఉన్నవాళ్ళు వేసుకోదగ్గ గోలీలు ఉన్నాయి, ఇచ్చారు. మలేరియా వచ్చిందని పాయసం వండుకున్న ఇల్లు మన్యం మొత్తం మీద ఇంకోటి ఉండదు.

ఆ సంతోషంలో ఆవు మాట ఎవరూ ఎత్తలేదు. గోలీలతో, వాంతులతో ఏంజెల్ మంచం దిగలేదు. లేవగానే పోవాలి అని ఒకసారి అంది. ముందు లేవనీ అనుకున్నాడు జోయెల్.

రెండు రోజులకు ఇప్పలగుంపు అడ్డరోడ్డు దగ్గర సీతయ్య బస్సెక్కాడు. చేతిలో మోదుగాకుల పొట్లం ఉంది. నేరుగా కండక్టరు దగ్గరకే వచ్చాడు.

"సారూ, మా ఆవు ఎలుక ఎట్లున్నది?"

బస్సు నిండా జనం. జోయెల్ చేతిలో చిల్లర ఆగిపోయింది. మీ ఆవుకు ఎలుక లేదు, దానికి నా భార్య నెత్తురు ఎక్కించుకున్నాం, అనాలి. నోరు తెరిచాడు. సీతయ్య కళ్ళల్లో తను ఇన్ని రోజులుగా అద్దంలో చూసుకుంటున్న భయమే కనిపించింది. ఆ భయాన్ని తీసెయ్యడానికి ఒక్క మాట చాలు అనిపించింది. సత్యం చెప్పడానికి భయపడ్డాడన్నది కూడా నిజమే.

"మంచిగనే ఉన్నది సీతయ్యా. బతికే ఉన్నది."

సీతయ్యకు ప్రాణం లేచొచ్చింది. "ఐతే మందు అక్కర్లేదంటవ్? మేపుకు ఇడువొచ్చునా? కొట్టంల పొగకు అది దగ్గుతున్నది సారూ, మేత కూడ సరిగ ముడతలే."

"ఇడువు" అన్నాడు జోయెల్, టికెట్ కొడుతూ.

"మేడమ్‌కు జరమట గదా. పుట్టకొక్కులు. అడవివి. నోటికి రుచిగుంటయి." పొట్లం ఆయన ఒళ్ళో పెట్టి సీతయ్య వెనక్కి పోయాడు.

అంతోనమ్మ పుట్టగొడుగులు కారంగా వండింది. ఏంజెల్ చాలా రోజుల తర్వాత రెండో ముద్ద కలుపుకుంది. ఎక్కడివని అడిగింది. జోయెల్ చెప్పాడు. ఏమడిగాడని అడిగింది. అదీ చెప్పాడు. ఆమె చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"మేత ముడతలేదన్నడా? దగ్గు కాదు బావా అది. ఇడవమన్నవా? ఇడవమని నీ నోటితోని అన్నవా?"

అప్పటికప్పుడు లేచింది గాని ఆకాశం చిల్లు పడ్డట్టు వాన మొదలైంది. రాత్రంతా పడింది, మర్నాడంతా పడింది. ఇప్పలగుంపు దారిలో వాగు పొంగింది, బస్సు అడ్డరోడ్డు నుంచే తిరిగొచ్చింది. ఏంజెల్ సర్రా మందు సీసా సంచిలో పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది. రుజువు సంగతి ఇప్పుడు ఎవరు అడుగుతారు? జోయెల్ గుమ్మానికీ వీధికీ మధ్య తిరిగాడు. ఎలుక కోసం భయపడ్డ రోజుల్లో కూడా ఆయనకు ఇంత చలి పుట్టలేదు. అప్పుడు భయం దేవుడి చేతిలో ఉంది. ఇప్పుడు ఆ మాట తన నోటి నుంచి వచ్చింది.

ఆ తర్వాతి రోజు వాగు తగ్గింది. బండిని మోకాలిలోతు నీళ్ళలో తోసుకుంటూ దాటారు. ఏంజెల్ మొదటిసారి గతుకులు లెక్కచెయ్యకుండా "జల్దీ పోనియ్యి" అంది.

సీతయ్య ఇంటి దడి దగ్గర జంపక్క ఎదురొచ్చింది. వాళ్ళను చూసి కాదు, ఏంజెల్‌ను చూసి పరుగెత్తుకొచ్చింది. దడి దాటకుండా చేతులు అడ్డం పెట్టింది.

"నువ్వు రాకు బిడ్డా. కడుపుతోని ఉన్నదానివి. ఇది నువ్వు సూసేది కాదు."

ఏంజెల్ అక్కడే నిలబడిపోయింది. జంపక్క తన చీరకొంగు విప్పి ఆమె ముఖానికి అడ్డంగా పట్టుకుంది, కొట్టం వైపు చూపు పోకుండా. జోయెల్ సంచిలోంచి మందు సీసా తీసుకుని ఒక్కడే లోపలికి నడిచాడు.

కొట్టంలో ఆవు నిలబడి ఉంది. డొక్కలు ఎగిరిపడుతున్నాయి. దాని కాళ్ళ దగ్గర తడిగడ్డి మీద గోనెపట్టా కప్పి ఉంది. పట్టా అంచు నుంచి గిట్టలు రెండు బయటికి ఉన్నాయి, ఇంకా గట్టిపడని, పసుపురంగు గిట్టలు. జోరీగలు ఆవును వదిలి దాని మీద వాలుతున్నాయి. సీతయ్య పక్కన గొంతుక్కూర్చుని చేత్తో వాటిని తోలుతున్నాడు. చచ్చినదాని మీద ఈగలు తోలడం ఎందుకో ఆయనకే తెలియాలి.

తలెత్తి చూశాడు. కోపం లేదు, అయోమయం ఉంది.

"ఎలుక మంచిగున్నదంటివి గదా సారూ."

"అవ్."

"మరి గిట్లెందుకైంది?"

సీసా జోయెల్ చేతిలో చెమటకు జారుతోంది. ఇంకో అబద్ధం నాలుక మీదికి వచ్చింది. వానలని, చలి అని, దేవుడని. ఎన్నో ఉన్నాయి. గిట్టల వైపు చూశాడు.

"అది మీ ఆవు ఎలుక కాదు సీతయ్యా."

"మరి ఎవలది?"

జోయెల్ చూపు దడి వైపు పోయింది. అక్కడ కొంగు వెనక ముఖం దాచుకుని, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని ఏంజెల్ నిలబడి ఉంది. సీతయ్య కూడా అటు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత కోయలో పెళ్ళాంతో ఒక మాట అన్నాడు, పొడుగు మాట కాదు.

జంపక్క విన్నది. ఏంజెల్ ముఖంలోకి చూసింది, ఆమె పొట్ట వైపు చూసింది. కొంగు మాత్రం దించలేదు.